అబ్బాయి ఎనిమిదో తరగతి, జీతం 28 వేలు: కాలేజీ ఖర్చుకు ఇప్పటి నుంచే ఎలా కూడబెట్టాలి?

ఆయకట్టు_నాన్న, మిర్యాలగూడ

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. కొంచెం పొడుగైంది, ఓపిక పట్టండి.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. జీతం 28 వేలు. మా ఆవిడ ఇంట్లోనే మిషన్ కుడుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో తల ఎత్తే తీరిక ఉండదు, ఆషాఢంలో ఈగలు తోలుకోవడమే. సగటున నెలకు 7 వేలు అనుకోండి. నాన్న ఇచ్చిన ఎకరం పొలం సాగర్ ఎడమ కాలువ కింద ఉంది, కౌలుకిచ్చాం. ఏడాదికి 25 వేలు వస్తుంది, కాలువకు నీళ్లు వదలని ఏడు అదీ అనుమానమే. సొంతిల్లు కాబట్టి అద్దె బాధ లేదు. అబ్బాయి ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి, పాప రెండో తరగతి, ఏడేళ్లు.

మా పక్కింటి అబ్బాయి టెన్త్. మొన్న వాళ్లింటికి ఒక జూనియర్ కాలేజీ పీఆర్వో వచ్చాడు. ఇంకా పరీక్షలే రాయలేదు, అప్పుడే సీటు బుక్ చేసుకోమని. నేనూ వెళ్లి కూర్చున్నాను, ఎలాగూ రెండేళ్లలో మనవంతు వస్తుంది కదా అని. హైదరాబాద్ క్యాంపస్, ఎంపీసీ, హాస్టల్‌తో కలిపి ఏడాదికి లక్షా 90 వేలట. ఈ నెలలోనే అడ్వాన్స్ కడితే 15 వేలు తగ్గిస్తాడట. రెండేళ్లకు దగ్గర దగ్గర 4 లక్షలు. మా మిల్లులో సూపర్‌వైజర్ గారి అమ్మాయి హైదరాబాద్‌లో బీటెక్ చదువుతోంది. కన్వీనర్ కోటా సీటే (ర్యాంకు మీద ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చింది), ఫీజు లక్ష, హాస్టల్ 85 వేలు, పైఖర్చులు వేరే. నాలుగేళ్లకు 8 లక్షలు ఎక్కడా తగ్గదని ఆయన లెక్క. అంటే ఒక్కడికి 12 లక్షలు. పాప టైముకి ఎంతవుతుందో దేవుడికే తెలియాలి. ఇదంతా ఒక కాగితం మీద వేశాను. ఆ కాగితం మా ఆవిడకు ఇంకా చూపించలేదు.

మాది బీసీ. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. నా జీతమే ఏడాదికి 3 లక్షల 36 వేలు. మా మిల్లులో హమాలీల పిల్లలకు ఆ సాయం అందుతుంది, ఓనర్ పిల్లలకు దాని అవసరం లేదు. రిజిస్టర్ రాసేవాడికి మాత్రం అటూ కాదు ఇటూ కాదు.

చేతిలో ఉన్నవి: రిజిస్టర్డ్ కంపెనీలో 2 లక్షల చీటీ, నెలకు 5 వేలు, 40 నెలలు. ఇంకా పాడలేదు. మా ఆవిడ దగ్గర ఆరు తులాల బంగారం. నెలకు ఇంకో 4 వేలు పక్కన పెట్టగలను, అంతకు మించి కష్టం.

ఇప్పుడు ఇద్దరు నా వెంటపడ్డారు. ఒకాయన బీమా ఏజెంటు. పాప పేరు మీద పిల్లల పాలసీ కట్టమంటున్నాడు, నెలకు ఆ 4 వేలూ దానికే. ఇంకొకడు మా బావమరిది. పొలం అమ్మి హైవే పక్కన వెంచర్‌లో ప్లాటు కొనమంటాడు, పదేళ్లలో మూడింతలు అవుతుందట. పొలం మాట ఎత్తితే మా నాన్న అన్నం మానేస్తాడు, అది వేరే సంగతి.

నేనేం చేయాలి? తెలిసినవాళ్లు చెప్పండి. షేర్లు, ట్రేడింగ్ జోలికి మాత్రం నేను రాను, ముందే చెప్తున్నా.

సెకండియర్_అమ్మ, కూకట్‌పల్లి

తమ్ముడూ, మా వాడు ఇప్పుడు బీటెక్ రెండో ఏడు, కన్వీనర్ కోటాలోనే. నీ కాగితంలో లేని ఖర్చులు చెప్తాను, రాసుకో.

చేరేటప్పుడు ట్యూషన్ ఫీజు ఒక్కటే కాదు. స్పెషల్ ఫీజని, యూనివర్సిటీ ఫీజని, ఎన్‌బీఏ ఫీజని విడివిడిగా రసీదులు కోస్తారు. ల్యాప్‌టాప్‌కు మాకు 58 వేలయింది. తక్కువది కొందామంటే సీనియర్లు వద్దన్నారట. హాస్టల్ వద్దు, ఇంటి నుంచే పంపుదాం అనుకుంటే కాలేజీ బస్సుకు ఏడాదికి 38 వేలు. సెమిస్టర్‌కోసారి పరీక్ష ఫీజు, తప్పితే సప్లీ ఫీజు. మూడో ఏడు వచ్చేసరికి కోడింగ్ కోర్సు అంటారట, అది వేరే.

ఫీజు మాత్రం కాలేజీ ఇష్టం వచ్చినట్టు పెంచడానికి లేదు, కన్వీనర్ సీట్లకు టీఏఎఫ్‌ఆర్‌సీ అనే రాష్ట్ర ఫీజుల కమిటీ మూడేళ్లకోసారి ఖరారు చేస్తుంది. 2022-25 బ్లాకులో కనీసం 45 వేలు పెట్టారు, పేరున్న కాలేజీలు లక్షన్నర దాటాయి. మీ వాడి టైముకి ఇంకో బ్లాకు వస్తుంది, కాబట్టి ఇప్పటి లక్షను లక్షగా లెక్కేసుకోవద్దు.

ఒక్క మాట చెప్తా, కోపం తెచ్చుకోకు. ఆ కాగితం చెల్లెలికి చూపించు. నెలకు 7 వేలు కుట్టి తెచ్చే మనిషికి ఇంటి లెక్క తెలియకపోతే ఎలా? మా ఇంట్లో మొదటి ఏడు హాస్టల్‌కు బదులు నేనే ఇల్లు కాలేజీ వైపు మారుద్దామన్నాను, అద్దె తేడా పోను 40 వేలు మిగిలింది.

రిటైర్డ్_మేనేజర్, ఖమ్మం

ఆయకట్టు_నాన్న గారూ, నమస్తే. నేను ప్రభుత్వరంగ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. చివరి బ్రాంచీలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నా టేబుల్ ముందు విద్యారుణం కోసం వచ్చే తల్లిదండ్రులే కూర్చునేవారు. మీలాంటి ఫైళ్లు వందల్లో చూశాను. ఒక్కటి గమనించాను. బీటెక్ గురించి భయపడి కూడబెడతారు, ఆ కూడబెట్టింది ఇంటర్‌లో ఊడ్చుకుపోతుంది, బీటెక్ వచ్చేసరికి వట్టి చేతులతో బ్యాంకుకొస్తారు.

ఎందుకంటే ఇంటర్‌కు బ్యాంకు విద్యారుణం ఇవ్వదు. డిగ్రీ, ఇంజనీరింగ్, మెడిసిన్, డిప్లొమాలకే. కాబట్టి మీ చేతిలోని రొక్కం దేనికి, అప్పు దేనికి అన్నది ముందు విడగొట్టుకోండి. అప్పు దొరకని చోట మీ పొదుపు, అప్పు దొరికే చోట అప్పు. నేను చెప్పేదంతా దీని చుట్టూనే.

ముందు చీటీ. 40 నెలల చీటీలో ఇప్పుడే పాడితే వదులుకునేది ఎక్కువ. పాట పాడకుండా చివరిదాకా ఉంటే పాడినవాళ్లు వదులుకున్న దాంట్లో నెలనెలా మీ వాటాగా వచ్చే డివిడెండే మీ వడ్డీ. కంపెనీ కమీషన్ పోతుంది, చట్టప్రకారం 7 శాతం దాకా తీసుకోవచ్చు. అందుకే చీటీ గొప్ప పెట్టుబడి అని అనను. కానీ క్రమశిక్షణ ఉంది, కంపెనీ రిజిస్టరైంది, మీవాడు ఇంటర్‌లో చేరే నాటికి చేతికొస్తుంది. అలాగే కొనసాగించండి. అయితే ఆ 2 లక్షలను 'బీటెక్ డబ్బు' అని పేరు పెట్టి దాచొద్దు, అది ఇంటర్ డబ్బు. 2 లక్షల్లో ఇంటర్ ముగించాలి అని మీరు గీత గీసుకుంటే ఆ పీఆర్వో చెప్పే 4 లక్షల క్యాంపస్ దానంతటదే పక్కకు పోతుంది. మిర్యాలగూడలోనే డే స్కాలర్‌గా చదివించొచ్చు, నల్గొండలో చూడొచ్చు. టీజీఆర్‌జేసీ పరీక్ష రాయించండి, సీటొస్తే గురుకుల జూనియర్ కాలేజీలో తిండి, హాస్టల్ ఉచితం. ఇంటర్ తర్వాత మన దగ్గర ఇంజనీరింగ్ సీటు నిర్ణయించేది ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష ర్యాంకు. ఆ ర్యాంకు ఏ క్యాంపస్ నుంచి తెచ్చుకున్నాడని కౌన్సెలింగ్‌లో ఎవరూ అడగరు.

ఇక బీటెక్. బ్యాంకు విద్యారుణంలో 4 లక్షల దాకా మీరు చేతి నుంచి పెట్టాల్సిన వాటా (మార్జిన్) లేదు. ఆపైన మన దేశంలో చదువులకు 5 శాతం. ఏడున్నర లక్షల దాకా ఇల్లు, పొలం తాకట్టు అడగకూడదు, తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే చాలు. డబ్బు మీ చేతికి రాదు, ఏటా కాలేజీకే వెళ్తుంది.

ఇక్కడ లెక్క వేసి చూపిస్తాను, చాలామందికి కళ్లు తిరిగేది ఇక్కడే. ఏటా లక్షన్నర చొప్పున నాలుగేళ్లు, మొత్తం 6 లక్షలు తీసుకున్నారనుకోండి. వడ్డీ 10 శాతం అనుకుందాం, సులువుగా ఉంటుందని. చదువు నాలుగేళ్లు, ఆపైన ఒక ఏడాది కిస్తీ కట్టక్కర్లేదు. కానీ వడ్డీ ఆగదు. మొదటి లక్షన్నర మీద అయిదేళ్లు, రెండో దాని మీద నాలుగు, అలా కూడితే బారువడ్డీయే 2 లక్షల 10 వేలు. కిస్తీ మొదలయ్యే రోజుకు 6 లక్షలు 8 లక్షల 10 వేలై కూర్చుంటుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,700. ఆ వడ్డీ లేకపోతే అదే 7,930.

మీకు పనికొచ్చే మాట ఇప్పుడు చెప్తున్నాను. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉంటే, న్యాక్ గుర్తింపున్న కాలేజీలోనో ఎన్‌బీఏ గుర్తింపున్న కోర్సులోనో సాంకేతిక, వృత్తి విద్య చదివితే, ఆ అయిదేళ్ల వడ్డీని కేంద్రమే కడుతుంది. సీఎస్‌ఐఎస్ అంటారు. మీ జీతం 3.36, ఆవిడది 84 వేలు, కౌలు 25 వేలు, మొత్తం 4 లక్షల 45 వేలు. అంచు మీదున్నారు. జీతం పెరిగితే దాటిపోవచ్చు, అప్పుడు కూడా 2024 నవంబర్‌లో కేబినెట్ ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి ఉంది, 8 లక్షల ఆదాయం లోపు వాళ్లకు 10 లక్షల వరకు రుణం మీద ఆ కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ. దానికి మీ కాలేజీ ఆ పథకం జాబితాలో ఉండాలి. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడే ఆ జాబితా, న్యాక్, ఎన్‌బీఏ చూసుకుని పెట్టండి. చేరాక చూస్తే లాభం లేదు. తహసీల్దారు ఆదాయ ధ్రువపత్రం మీసేవలో ముందే తీసి పెట్టుకోండి, ఆగస్టులో అందరూ ఒకేసారి ఎగబడతారు.

మేనేజ్‌మెంట్ సీటు ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. అక్కడ అడిగే డొనేషన్‌కు రసీదు ఉండదు, రసీదు లేనిదానికి బ్యాంకు అప్పు ఉండదు. నా టేబుల్ దగ్గర ఎక్కువ కన్నీళ్లు ఆ సీట్ల వల్లే. కన్వీనర్ కోటాలో సీఎస్‌ఈ రాకపోతే ఈసీఈ, ఈఈఈ తీసుకోండి గానీ, పది లక్షలు పోసి కంప్యూటర్స్ సీటు కొనకండి.

బీమా పాలసీ సంగతి. ఆ ఏజెంటును ఒక్కటే అడగండి: 'పాపకు పద్దెనిమిది నిండేసరికి చేతికి ఎంత?' పిల్లల మనీ బ్యాక్ పాలసీల్లో 18, 20, 22 ఏళ్లకు తలా 20 శాతం ఇచ్చి మిగతాది 25వ ఏట ఇచ్చేవి ఉన్నాయి. ఫీజు కట్టాల్సింది పద్దెనిమిదిలో, పెద్ద మొత్తం వచ్చేది చదువైపోయాక. పైగా ఇంట్లో బీమా ఉండాల్సింది సంపాదించే మీకు. మీ పేరు మీద ఒక టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బొచ్చే బీమా) తీసుకోండి, మీ వయసుకు నెలకు వెయ్యి లోపే చూడొచ్చు.

ఆ 4 వేలకు నా లెక్క ఇది. 2 వేలు పాప పేరు మీద సుకన్య సమృద్ధి, అంటే ఆడపిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు ఖాతా. పదేళ్ల లోపే తెరవాలి, మీకు ఇంకా సమయముంది, అయినా ఆలస్యం ఎందుకు. ఇప్పుడు వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి ప్రభుత్వం ప్రకటిస్తుంది. ఇదే రేటు ఉంటే పాపకు పద్దెనిమిది వచ్చేసరికి 4 లక్షలు దాటుతుంది. ఒక మెలిక ఉంది, ఏజెంట్లూ చెప్పరు, పోస్టాఫీసులోనూ చెప్పరు. చదువుకని తీసుకోగలిగేది ముందు ఆర్థిక సంవత్సరం చివరి నిల్వలో సగమే. మిగతాది ఖాతా తెరిచిన 21 ఏళ్లకు, లేదా పద్దెనిమిది దాటాక పెళ్లికి. కాబట్టి కాలేజీ లెక్కలో 2 లక్షలే రాసుకోండి. మిగిలిన 2 వేల్లో టర్మ్ ప్రీమియం పోగా వెయ్యి పైన అబ్బాయి కోసం బ్యాంకులో ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్). అది ల్యాప్‌టాప్‌కు, చేరే రోజు రసీదులకు. కూకట్‌పల్లి అమ్మగారు చెప్పినవి లోన్ శాంక్షన్ కాకముందే కట్టాలి మరి.

షేర్ల జోలికి రానన్నారు, సరే. అబ్బాయి విషయంలో నాలుగేళ్లే ఉంది కాబట్టి నేనూ రమ్మనను. పాప చదువుకు పదేళ్లు పైన ఉంది. చీటీ అయిపోయాక ఆ 5 వేల్లో కొంత ఇండెక్స్ ఫండ్‌లో (పెద్ద కంపెనీల షేర్లన్నీ కలిపి కొనే మ్యూచువల్ ఫండ్) సిప్‌గా, అంటే నెలనెలా కొంత పెట్టే ఆలోచన చేయండి. ట్రేడింగ్‌కూ దీనికీ సంబంధం లేదు.

పొలం విషయంలో మీ నాన్నగారి వైపే నేను. బ్యాంకు కోర్టుకెళ్లకుండా తాకట్టు స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకే విద్యారుణానికి బ్యాంకు దాన్ని తాకట్టుగా ఇష్టపడదు, మీరే ఇస్తానన్నా. అది మీ దగ్గర కౌలు తెస్తూ ఉండనివ్వండి. వెంచర్ ప్లాటు పదేళ్లు ఒక్క రూపాయి తేదు, ఫీజు గడువు నాడు కొనేవాడు దొరకాలి. బంగారం ఉంది కదా, అత్యవసరానికి బ్యాంకు గోల్డ్ లోన్ అరగంటలో వస్తుంది. పొలం ఆఖరున.

డిప్లొమా_దారి, నల్గొండ

సార్ అంతా చెప్పారు గానీ ఇంటర్ తప్పదన్నట్టు చెప్పారు. అసలు ఇంటర్ ఎందుకన్నా?

నేను టెన్త్ తర్వాత పాలిసెట్ రాసి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చేశాను. ఫీజు కొద్ది వేలలోనే అయిపోయింది, మూడేళ్లకు ఇంట్లో అడిగిందల్లా బస్ పాసు, డ్రాఫ్టర్, ల్యాబ్ డ్రెస్సు. తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడులో నేరుగా చేరాను. లెక్క చూడు: ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు, మొత్తం ఆరు. డిప్లొమా మూడు, బీటెక్ మూడు, అదీ ఆరే. సంవత్సరం కూడా పోదు. బీటెక్ ఫీజు ఒక ఏడాది మిగిలింది, ఇంటర్ ఫీజు మొత్తం మిగిలింది. మధ్యలో ఆగిపోవాల్సి వచ్చినా చేతిలో డిప్లొమా ఉంటుంది. ట్రాన్స్‌కో లాంటి కరెంటు సంస్థల్లో సబ్ ఇంజనీరు నోటిఫికేషన్ పడితే అప్లై చేయొచ్చు. ఇంటర్ సర్టిఫికెట్‌తో ఆగిపోతే ఏముంది?

బాసర ట్రిపుల్ ఐటీ కూడా చూడండి. టెన్త్ మార్కుల మీదే సీటు, ఆరేళ్ల కోర్సు, ఇంటర్ అందులోనే. ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంటుంది, మీవాడు ప్రైవేటు కాబట్టి మార్కులు బాగా గట్టిగా రావాలి.

పాలిటెక్నిక్ అంటే మా చుట్టాలు కూడా 'అయ్యో, ఇంటర్‌లో సీటు రాలేదా' అన్నారు. వాళ్లు ఫీజు కట్టరు కదా.

ఆయకట్టు_నాన్న

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. అక్కా, కాగితం నిన్న రాత్రి చూపించాను. మా ఆవిడ ఏమీ కంగారు పడలేదు, పెన్ను తీసుకుని అందులో ఏజెంటు పాలసీ కొట్టేసింది. పొలం దగ్గర ప్రశ్నార్థకం పెట్టింది, వాళ్ల తమ్ముడు కదా.

డిప్లొమా తమ్ముడు చెప్పింది ఇంట్లో చర్చ పెట్టింది. అబ్బాయి ఫ్యాన్లు, మోటార్లు విప్పుతుంటాడు, వాడికి ఇష్టమే. మా నాన్న మాత్రం 'కాలేజీకి పంపరా, వర్క్‌షాపుకు కాదు' అంటున్నాడు. సార్, దీనిమీద మీ మాట ఏంటి?

ఇంకొకటి. సహ రుణగ్రహీత సంతకం అన్నారు. కరోనా అప్పుడు మిల్లు ఆగిపోయి నాలుగు నెలలు జీతం రాలేదు. బండి లోను కిస్తీలు ఆగాయి. తర్వాత ఫైనాన్స్ వాళ్లే వచ్చి కొంత తగ్గించి ఒకేసారి కట్టించుకుని ముగించారు. ఇది అడ్డొస్తుందా?

రిటైర్డ్_మేనేజర్, ఖమ్మం

పాలిటెక్నిక్ మీద అభ్యంతరం లేదు, చెప్పకపోవడానికి కారణం మీవాడి ఆసక్తి తెలియకపోవడమే. మోటార్లు విప్పే పిల్లాడికి అది మంచి దారి. రెండు సంగతులు తెలుసుకుని వెళ్లండి. ఈసెట్‌లో లేటరల్ సీట్లు (నేరుగా రెండో ఏడులో చేరేవి) తక్కువ, సాధారణంగా మొత్తం సీట్లలో 10 శాతం, మంచి కాలేజీల్లో సీఎస్‌ఈకి పోటీ ఎక్కువ. డిప్లొమా బ్రాంచిని బట్టే బీటెక్ బ్రాంచి, కాబట్టి టెన్త్ తర్వాతే బ్రాంచి ఎంచుకున్నట్టు. రేపు వాడు డాక్టర్ అవుతానంటే మళ్లీ ఇంటర్‌కు రావాల్సిందే. తొమ్మిదో తరగతి వేసవిలో ఒకసారి దగ్గర్లోని ప్రభుత్వ పాలిటెక్నిక్‌కు తీసుకెళ్లి ల్యాబులు చూపించండి. మీ నాన్నగారిని కూడా. అటు వెళ్తే చీటీ డబ్బు అలాగే మిగులుతుంది, బీటెక్‌లో మీరు తీసుకోవాల్సిన అప్పు 6 లక్షల నుంచి రెండు రెండున్నరకు దిగుతుంది.

బండి లోను సంగతి అడ్డొస్తుంది. తగ్గించి కట్టించుకున్నారంటే సిబిల్ రిపోర్టులో (మీ అప్పుల చరిత్ర) 'సెటిల్డ్' అని పడి ఉంటుంది, 'క్లోజ్డ్' అని కాదు. అది ఏళ్ల తరబడి కనిపిస్తుంది, బ్రాంచి మేనేజరు అక్కడే ఆగుతాడు. మీ చేతిలో నాలుగేళ్లున్నాయి, ఇప్పుడే సరిచేసుకోవచ్చు. సిబిల్ లాంటి ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, ముందు అది తీసుకోండి. అందులో ఎంత తగ్గించారో ఆ మొత్తం కనిపిస్తుంది. ఆ ఫైనాన్స్ ఆఫీసుకు వెళ్లి ఆ తేడా కట్టి, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, బ్యూరోకు స్టేటస్ మార్పించమని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటకు డబ్బివ్వొద్దు, ముందు లెటర్ చేతిలో పడాలి. రెండు నెలలయ్యాక రిపోర్టు మళ్లీ చూసుకోండి.

మీ ఆవిడ పేరు మీద ఇంతవరకు ఏ అప్పూ లేకపోతే ఆమెను సహ రుణగ్రహీతగా పెట్టే అవకాశమూ ఉంది. దానికి ఆవిడకు ఆదాయం ఉన్నట్టు కాగితం కావాలి. కుట్టు డబ్బు చేతిలో ఉంచుకోకుండా ఈ నెల నుంచే ఆవిడ సేవింగ్స్ ఖాతాలో వేయమనండి, ఫోన్‌పే చేసేవాళ్లను నేరుగా ఆ ఖాతాకే చేయమనండి. ఐటీ రిటర్ను కూడా ఏటా ఆవిడ పేరున వేయిస్తూ పోండి, పన్ను ఏమీ పడదు. ఖాతా మిర్యాలగూడలోని ఏదైనా ప్రభుత్వరంగ బ్యాంకులో ఉంటే మంచిది, రేపు అదే బ్రాంచికి అప్లికేషన్ పెట్టొచ్చు. రిపోర్టు వచ్చాక అందులోని అంకెలు, పేరు, ఖాతా నంబరు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.